పేరొచ్చినోళ్ళు లేవాలి

రాహేలమ్మకు నీళ్ళు పోసి, కొత్త చీర చుట్టి, ఐసుపెట్టెలో పడుకోబెట్టేదాకా హన్నమ్మ కంట నీటిబొట్టు రాలేదు. కుంకుడు రసంతో ఒకసారి, సబ్బుతో ఒకసారి, ఆఖరికి కొబ్బరినూనె రాసి మెత్తటి గుడ్డతో ఒకసారి తుడిచింది. అయినా ఆ వేళ్ళ సందుల్లో ఎరుపు వదల్లేదు. గోళ్ళ మొదళ్ళలో మిరపకాయ పొడి పుట్టుమచ్చలాగా దిగబడిపోయి ఉంది.

"ఇంక చాల్లే పిన్నీ, అది పోయేది కాదు" అన్నారెవరో.

ఆ మాటకు వచ్చింది ఏడుపు. వచ్చిన ఏడుపును తుడుచుకోబోయి చెయ్యి కిందికి దించేసింది. పొద్దుటిదాకా కల్లంలో కాయ పట్టిన చెయ్యి అది. ఎంత సబ్బునీళ్ళలో నానినా ఆ ఘాటు పోదు. ఆ చేత్తో కన్ను తుడిస్తే ఏడ్చే ఏడుపు ఒకటీ, వచ్చే నీళ్ళు ఇంకొకటీ అవుతాయి. మోచేత్తో తుడుచుకుంది.

కల్లంలో కూర్చున్న మనిషి కూర్చున్నట్టే పక్కకు ఒరిగింది రాహేలమ్మ. చేతిలో తొడిమ తీసిన కాయ అట్లాగే ఉంది. ఆటోలో ఎక్కించుకుని గురజాల ఆసుపత్రికి పోతుంటే దారిలోనే అయిపోయింది. పక్కన కూర్చుని ఆమె తల ఒళ్ళో పెట్టుకున్నది కూలికి తోడొచ్చే షకీలా. "నిన్ననే గదక్కా, తుమ్మి తుమ్మి తిట్టింది నన్ను" అని అదే మాట వచ్చినవాళ్ళందరికీ చెబుతోంది.

ఆ పేటలో పెద్దల నాటినుంచీ ఒక ఆనవాయితీ ఉంది. మనిషిని మట్టిలో పెట్టిన మూడోనాడు ప్రార్థన కూడిక పెడతారు. పాస్టరుగారు వాక్యం చెప్పేముందు, పోయినవాళ్ళ బతుకును కాగితం మీద రాసుకొచ్చి అందరూ వినేట్టు చదువుతారు. దాన్ని సాక్ష్యం అంటారు. చదివేటప్పుడు ఎవరి పేరు వస్తే వాళ్ళు లేచి నిలబడాలి, చదవటం అయిపోయేదాకా కూర్చోకూడదు. ఈ మనిషి ఉత్తినే పోలేదు, చూసినవాళ్ళం మేమున్నాం అని దాని అర్థం. పేరొచ్చినోళ్ళు లేవాలి, అంతే. లక్షాధికారైనా, కూలోడైనా.

రాహేలమ్మకు ఈ ఆనవాయితీ మీద పెద్ద సరదా. తొడిమలు తీసే ఆడవాళ్ళ ముఠాకు మేస్త్రి ఆమె. పొద్దున గోతం పట్టలు పరుచుకుని కూర్చుంటే మధ్యాహ్నం అన్నాలకు తప్ప ఎవర్నీ లేవనిచ్చేది కాదు. అన్నాలు తిని ఎవరన్నా అటూ ఇటూ నడుస్తుంటే, "కూకోండే! పెళ్ళిచూపులకొచ్చారా?" అని కేకేసేది. నడుములు పట్టేసి మూలుగుతుంటే తనే అనేది, "నేను పోయిన్నాడు మీరందరూ లేవాల. హన్నీ, ఒక్కదాని పేరు గూడా వదలమాక. ఆ పూటన్నా ముండలు నడుములు సాగదీసుకుంటారు." అందరూ పగలబడి నవ్వేవాళ్ళు. నవ్వితే గొంతులోకి మిరపకోరు, ఆ ఘాటు దుమ్ము పోయి దగ్గేవాళ్ళు.

సాయంత్రానికి కొడుకు ప్రభుదాసు నరసరావుపేట నుంచి పెళ్ళాం పిల్లలతో కారులో దిగాడు. ఒక ప్రైవేటు ఆఫీసులో లెక్కలు చూస్తాడు. పెట్టె దగ్గర నిలబడి అద్దం మీద చెయ్యిపెట్టాడు. చల్లగా తగిలిందేమో వెంటనే తీసేశాడు. కాసేపటికి హన్నమ్మ దగ్గరకొచ్చి పక్కన చతికిలబడ్డాడు.

"అత్తా, సాక్ష్యం నువ్వు రాయాలంట. అమ్మ ఫోనులో ఎప్పుడూ అదే మాట. నాది హన్నమ్మే రాయాల అని."

"నేను మానేశా గదరా. తెలవదా నీకు?"

తెలుసు. పేటలో అందరికీ తెలుసు. ఆమె హాస్టల్లో ఉండి ఏడో తరగతి దాకా చదివింది. ఎవరు పోయినా సాక్ష్యం ఆమే రాసేది. చివరిసారి రాసిన దాంట్లో, పోయిన పెద్దమనిషి కల్లు ముంత సంగతీ, తాగినరోజున కుక్కలక్కూడా అన్నం పెట్టే సంగతీ రాసిందని ఆయన కొడుకులు కాగితం ఆమె మొహం ముందే చింపేశారు. చచ్చినోడి పరువు తీశావన్నారు. అంతటితో కలం మూలన పడింది. ఊళ్ళోవాళ్ళ రాతే కాదు, తన కోసం రాసుకునే రాత కూడా పడింది. గోడమీది క్యాలెండరులో నెల అయిపోగానే ఆ కాగితం చించి, వెనకవైపు తెలుపు మీద ఏదో ఒకటి రాసుకునేది. ఇవాళ గోంగూర కుదిరింది. ధనమ్మ వాళ్ళ బర్రె ఈనింది, దూడ బతకలేదు. వానకు తడిసిన కల్లం వాసన పుల్లటి రొట్టె వాసనలాగుంది. రాహేలమ్మకు చదువు రాదు, పొద్దుగూకే వేళకు అరుగు మీదికొచ్చి చదివించుకునేది. "ఇంతేనా? నేను నిన్ను తిట్టింది రాయలేదేందే?" అనేది.

"రాస్తాలేరా" అంది హన్నమ్మ. ఇంకేమనగలదు?

*

రాహేలమ్మను మట్టిలో పెట్టిన మర్నాడు నాగూర్ వలి కొట్లో కొత్త కలం కొనుక్కొచ్చింది. మిరపకాయల షావుకారు పంచిపెట్టిన క్యాలెండరులో జనవరి కాగితం చించి, పీట మీద పరిచి, గుమ్మంలో కూర్చుంది. ఎండ వాలుతోంది.

కలం వేళ్ళ మధ్య నిలవలేదు. ఇన్నాళ్ళూ వేళ్ళకు అలవాటైన పట్టు ఒకటే, బొటనవేలూ చూపుడువేలూ కలిపి తొడిమ తుంచే పట్టు. ఆ పట్టుతోనే కలం పట్టుకుంది. అక్షరం వంకరపోయింది.

"రాహేలమ్మ గారు భక్తిగల కుటుంబమునందు జన్మించిరి" అని మొదలుపెట్టింది. హాస్టల్లో నేర్పిన తెలుగు అదే. జన్మించిన తేదీ రాయాలి. ఆ తేదీ ఎవరికీ తెలియదు. రాహేలమ్మకే తెలియదు, "ఏదో చింతకాయల రోజులంట" అనేది. దాంతో కలం ఆగిపోయింది. కళ్ళు మూసుకుంటే జన్మించిన రాహేలమ్మ కనపడలేదు, చేతులు కనపడ్డాయి.

అప్పుడు చేతుల గురించి రాసింది.

మిరపకాయల కాలం వస్తే తమ ఆడవాళ్ళ ఇళ్ళల్లో ఎవరి మొహం ఎవరూ ముట్టుకోరని రాసింది. కంట్లో నలక పడితే కల్లం పనికి పోని ముసలమ్మను వెతుక్కుంటూ పోవాలని, అన్నం చెంచాతో తింటారని, తలలో పూలు పక్కింటి పిల్లలతో పెట్టించుకుంటారని రాసింది. రాసేదాకా ఇవి రాసే సంగతులని ఆమెకే తోచలేదు. ఊపిరి పీల్చినట్టు చేసే పనులు ఎవరు గమనిస్తారు? ప్రభుదాసు చంటిపిల్లాడప్పుడు రాహేలమ్మ వాణ్ణి మోచేతుల మధ్య ఇరికించుకుని ఎత్తుకునేదని, పాలిచ్చేటప్పుడు అరచేతులు రెండూ గాల్లోకి ఎత్తి పెట్టుకునేదని, దేవుడికి మొక్కుతున్నట్టు ఉండేదని రాసింది. వాడు ఏడిస్తే బుగ్గ నిమరటానికి లేదు. మోకాళ్ళమీద వేసుకుని ఊపేది. "కాయ అయిపోనియ్యిరా, చేతులారా ముద్దాడతా" అనేది. కాయ అయిపోయేటప్పటికి పత్తి కట్టె పీకే పని వచ్చేది.

ఆ తరవాత ముఠా పేర్లు రాసింది. ధనమ్మ. షకీలా. కోటమ్మ. ఒకళ్ళ వెనక ఒకళ్ళవి, ఉత్త పేర్లే రాసింది. తన పేరు రాయలేదు. రాసేవాళ్ళ పేరు రాసుకోవటం బాగోదని చిన్నప్పుడు ఎవరో చెప్పారు.

రాసింది మళ్ళీ చదువుకుని, మొదటి "జన్మించిరి" వాక్యాన్ని అడ్డంగా కొట్టేసింది.

*

కూడిక నాటి పొద్దున ప్రభుదాసు ఆ కాగితం నిలబడే చదివాడు. చదువుతూ చదువుతూ గోడకు చేరబడ్డాడు. ఒకచోట ఆగి, ఆ నాలుగు వరసలూ రెండోసారి చదివాడు. ఆ వరసలు ఏవో హన్నమ్మకు తెలుసు.

"బాగుందత్తా" అన్నాడు. "కాదనను. కాకపోతే మా మామగారోళ్ళు వస్తున్నారు. ఆఫీసోళ్ళు వస్తున్నారు. ఈ పనోళ్ళ పేర్లన్నీ..."

"పనోళ్ళేందిరా? మీయమ్మతో కూర్చున్నోళ్ళు. నీ ఫీజుకు ధనమ్మ చెవికమ్మలు తీసిచ్చింది, ఆ ముక్క రాశానా నేను? రాయలా. పేర్లే రాశా. ఉత్త పేర్లు."

"సరే అత్తా, చూస్తా."

కాగితం నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. చూస్తా అన్నాడు కదా, చదువుతాడనే అనుకుంది హన్నమ్మ.

ముఠా అంతా వచ్చింది. రైతు శ్రీహరి గారి కల్లంలో కాయ ఎండిపోయి కుప్పలు పడి ఉన్నా, పని మానుకుని వచ్చారు. మొహాలకు పౌడరు, ఉన్నవాటిలో మంచి చీరలు. షకీలా తలమీదికి కొంగు కప్పుకుంది. ధనమ్మ మోకాలి నొప్పికి కర్ర తెచ్చుకుంది. షామియానా కింద వెనక వరసలో ప్లాస్టిక్ కుర్చీల అంచున కూర్చున్నారు, పిలిస్తే లేవటానికి అనువుగా. ముందు వరసల్లో ప్రభుదాసు అత్తవారివైపు వాళ్ళు, ఇస్త్రీ చొక్కాలు, పట్టంచు చీరలు.

పాటలయ్యాయి. పాస్టరుగారు సైగ చేశారు. ప్రభుదాసు లేచి మైకు పట్టుకున్నాడు. రెండో చెయ్యి జేబు దాకా పోయింది. పోయి, ప్యాంటు జేబులోకి దిగి ఫోను తీసింది.

"శ్రీమతి రాహేలమ్మ గారు భక్తిగల కుటుంబంలో జన్మించి, ఉత్తమ గృహిణిగా, ప్రార్థనాపరురాలిగా, ఆదర్శ మాతృమూర్తిగా..."

హన్నమ్మ ఆ ముక్కలు గుర్తుపట్టింది. మొన్న పైవీధిలో పోయిన ముసలామెకు కూడా ఇవే చదివారు, పేరొక్కటే తేడా.

"గృహిణి అంటే ఏందే?" అంది ధనమ్మ ఆమె చెవిలో.

"ఇంటిపట్టున ఉండేది."

"ఎప్పుడుందే అది ఇంటిపట్టున?"

"ఉష్. విను."

పేర్లు మొదలయ్యాయి. ప్రభుదాసు లేచే ఉన్నాడు. అతని భార్య లేచింది. పిల్లలు లేచారు. మామగారు లేచారు, అత్తగారు లేచారు. బావమరదులు ఒకరి తరవాత ఒకరు లేచి చేతులు కట్టుకుని నిలబడ్డారు. అందులో ఒకాయన రాహేలమ్మను పెళ్ళిరోజున చూడటమే, మళ్ళీ చూడలేదు.

"నాదొచ్చిందా?" అంది ధనమ్మ. కర్ర నేలకు ఊని, సగం లేచి ఉంది. చెవుడు కాస్త ఉందామెకు.

"ఇంకా రాలేదు."

"వస్తే చెప్పు. లేవటానికి టైము పట్టిద్ది నాకు."

పాస్టరుగారు ఆమెన్ అన్నారు. నిలబడ్డవాళ్ళు కూర్చున్నారు. ధనమ్మ కర్రమీద అట్లాగే కాసేపు ఉండి, చుట్టూ చూసి, మెల్లగా కూలబడింది. షకీలా కుర్చీ అంచు నుంచి వెనక్కి జరగలేదు, వాక్యం అయ్యేదాకా. హన్నమ్మ ఎవరి మొహమూ చూడలేకపోయింది.

బిర్యానీ పెట్టారు. "ఆకలి లేదులే" అని ధనమ్మ ఇంటికి పోయింది. కోడికూర వాసనకు అల్లంత దూరం నుంచి వచ్చే మనిషి.

ఎండ తగ్గాక కారు బయల్దేరింది. ప్రభుదాసు కిటికీ దించి, "వస్తానత్తా" అన్నాడు.

"ఆ కాగితం..."

జేబు మీద చెయ్యి ఆనించాడు. "నా దగ్గరుండనియ్యి అత్తా" అన్నాడు ఆమెను చూడకుండా. కారు పోయింది. రోడ్డు మీద దుమ్ము చాలాసేపు అణగలేదు.

*

మరునాడు కల్లంలో మాట లేదు. శ్రీహరి గారి కల్లం నిండా కాయ, ఎర్రగా, చూస్తేనే తుమ్ము వచ్చేట్టు. మబ్బులు పడుతున్నాయని ఆయన తొందర. కాయను టిక్కీ బస్తాలకెత్తి గుంటూరు యార్డుకు తోలాలి. ఆడవాళ్ళు ముక్కులకు గుడ్డలు కట్టుకుని, పట్టలు పరుచుకుని కూర్చున్నారు. రాహేలమ్మ గోతం పట్ట కూడా ఎవరో అలవాటు చొప్పున పరిచేశారు. పరిచాక తియ్యటానికి ఎవరికీ చేతులు రాలేదు. అది అట్లాగే ఖాళీగా ఉంది, ముందర కాయ కుప్పతో.

కాయ తీసుకోవటం, తొడిమ తుంచటం, తాలుకాయ పక్కకు విసరటం, మంచికాయ ఒళ్ళోకి వేసుకోవటం. చిటుకు చిటుకు అని తొడిమల చప్పుడు తప్ప ఇంకేమీ లేదు.

చాలాసేపటికి ధనమ్మ తల ఎత్తకుండా అంది, "ఇంతకీ నువ్వు రాశావా హన్నీ, లేదా?"

"రాశా."

"మావి రాశావా?"

"అందరివీ రాశా. వాడు చదవలా."

"కాగితం యాడుంది?"

"వాడి జేబులో. తీసుకుపోయాడు."

"ఊఁ" అంది ధనమ్మ. మళ్ళీ ఒక కాయ తీసుకుంది.

ఆ 'ఊఁ' హన్నమ్మకు మిరపకోరు కంటే ఎక్కువగా మండింది. నమ్మలేదు. ఎందుకు నమ్మాలి? రాసేవాళ్ళు ఎప్పుడూ పెద్దోళ్ళ పేర్లే రాస్తారు. ఇస్త్రీ చొక్కాల పేర్లు రాసి, పక్కన కూర్చునేవాళ్ళను మరిచిపోయిందనుకుంటున్నారు. షకీలా ఏమన్నా అంటుందేమోనని చూసింది. షకీలా ముక్కుగుడ్డ సర్దుకుని తల దించుకుంది.

"అక్కా, పోనీలే" అంది కాసేపటికి. "మాది వేరే మతం. మా పేర్లు చదువుతారంటావా, ఆ పందిట్లో?"

ఆ పోనీలే తిట్టుకంటే కష్టంగా ఉంది.

ఇంటికొచ్చి, చేతులు మజ్జిగతో కడిగి, నూనె రాసి, మళ్ళీ కడిగింది. గోడమీది క్యాలెండరులో ఫిబ్రవరి ఇంకా అయిపోలేదు. అయినా చించేసింది. పీట ముందేసుకుని కూర్చుంది. మొన్నటి ముక్కలు గుర్తున్నాయి, అవే రాద్దామనుకుంది. కానీ ఈసారి చదివేవాడు లేడు, వినే వాడి మామగారు లేరు. ఎవరికి భయపడాలి? రాహేలమ్మ ముండా అని తిట్టిన తిట్టు తిట్టినట్టే రాసింది. కోటమ్మ మొగుడు తన్ని తరిమితే ఆ రాత్రి కల్లంలో పడుకోబెట్టి కర్ర పట్టుకుని రాహేలమ్మ కాపలా కూర్చున్న సంగతి రాసింది. రంజాన్ నెలలో షకీలా ముందర అన్నం క్యారియరు తెరవటానికి సిగ్గుపడి అందరూ చెట్టు వెనక్కి పోయి తినటం రాసింది. దొంగతనంగా కొంగులో దోసెడు కాయ కట్టుకున్న పిల్లతల్లిని చూసి కూడా, "నాకు కళ్ళు కనపడవమ్మా" అన్న సంగతి పేరు చెప్పకుండా రాసింది. రాస్తూ ఒకచోట నవ్వింది. ఆ నవ్వు ఖాళీ ఇంట్లో వినపడి తనే ఉలిక్కిపడింది. ఎన్నాళ్ళకు!

చివర కాస్త చోటు మిగిలింది. అక్కడ కలం ఆనించి చాలాసేపు ఊరుకుంది. ఆ తరవాత ఇంకో పేరు రాసింది.

*

పొద్దున కల్లానికి వచ్చేటప్పుడు కాగితం జాకెట్లో పెట్టుకుంది. గుడ్డ కట్టుకుని కూర్చుని కుప్పలోకి చెయ్యి పెట్టబోయింది.

"పెట్టమాక!" అని అరిచింది షకీలా.

హన్నమ్మ చెయ్యి గాల్లోనే ఆగింది.

"కాగితం తెచ్చావుగా. అంచు కనపడతంది. కాయ పట్టుకున్న చేత్తో పట్టుకుంటే కాగితం ఎర్రనైద్ది. మళ్ళా ఆ చెయ్యి కంట్లో పెట్టుకుంటావు. నువ్వు చదువు. నీ కుప్ప మేం తీస్తాం."

మాట పూర్తికాకముందే కోటమ్మ హన్నమ్మ ముందరి కాయను రెండు చేతులతో తన వైపుకు లాక్కుంది. ధనమ్మ కూడా అందులోంచి ఒక దోసెడు తన ఒళ్ళో పోసుకుంది.

హన్నమ్మ చదివింది. చేతులు రెండూ శుభ్రంగా, ఖాళీగా ఉండటం కల్లంలో కొత్తగా ఉంది. మోచేతుల సంగతి చదువుతుంటే తొడిమల చప్పుడు నెమ్మదించింది. "నిజమే, అట్టాగే ఎత్తుకునేది" అంది కోటమ్మ, "మనందరం అంతే." తిట్లు వచ్చినప్పుడు నవ్వారు, నవ్వి దగ్గారు. కోటమ్మ మొగుడి సంగతి వచ్చినప్పుడు ఎవరూ ఎటూ చూడలేదు.

అప్పుడు పేర్లు వచ్చాయి.

"కోటమ్మ" అని చదివింది. చదివి ఆగలేదు, ఆగితే ఏడుపు వస్తుంది. కోటమ్మ లేచింది. ఒళ్ళో కాయ జలజలా పట్ట మీద రాలింది.

"షకీలా."

షకీలా ముక్కుకు కట్టిన గుడ్డ విప్పి, తలమీదికి కొంగు లాక్కుని, అప్పుడు లేచింది.

"ధనమ్మ."

ధనమ్మకు వినపడిందో లేదోనని హన్నమ్మ ఇంకోసారి పెద్దగా చదివింది.

"ఇనపడిందే, చెవుడు లేదు నాకు" అంది ధనమ్మ. ఒక చెయ్యి నేలకు ఊని, రెండో చెయ్యి షకీలా అందిస్తే పట్టుకుని, మూలుగుతూ లేచింది. లేచి, నడుము మీద రెండు చేతులూ పెట్టుకుని వెనక్కి వంగింది. ఎముక ఒకటి కటుక్కుమంది.

"ఏందమ్మా, అందరూ లేచారు? పనయిపోయిందా?" టిక్కీల దగ్గర నుంచి శ్రీహరి గారు కేకేశారు. "అవతల మబ్బు పడతంటే!"

"నడుములు సాగదీసుకుంటన్నాం అయ్యా" అంది ధనమ్మ. "మేస్త్రి చెప్పిపోయింది."

ఆయన ఇంకేదో అనబోయి, ఖాళీ పట్ట వైపు చూసి, మళ్ళీ టిక్కీల వైపు తిరిగారు.

కాగితం మీద ఇంకొక్క పేరు ఉంది. హన్నమ్మ దాన్ని చూసింది. ఇన్నేళ్ళలో ఎంతమంది పేర్లు రాసింది! నిన్నటిదాకా ఒక్కసారీ ఇది రాయలేదు.

"హన్నమ్మ" అని చదివి, తనే లేచింది.

చదవటానికి ఇంక ఏమీ లేదు. కాగితం మడిచి జాకెట్లో పెట్టుకుంది. మబ్బు చల్లగాలి కల్లం మీదుగా వీచి కాయ గలగలలాడింది. నలుగురూ నిలబడే ఉన్నారు. చదవటం అయిపోయాక కూర్చోవాలి, ఆనవాయితీ అంతే. కూర్చోలేదు. ఎవరు ముందు కూర్చోవాలో తెలియక ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకుని, చివరికి అందరూ ఆ గోతం పట్ట వైపు చూశారు, ఎప్పుడూ వచ్చే "కూకోండే!" అన్న ఆ కేక కోసం.

రాలేదు.

ఇంకాసేపు నిలబడ్డారు.